‘ఏం గాదు, తిను’

నాకు పాలు పడవు. ఈ మూడు మాటలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మా ఇళ్ళల్లో ఎవరికీ ఇది ఒక సమాచారంలాగా వినపడలేదు. అలకలాగా వినపడింది, గొప్పలు పోవడంలాగా వినపడింది, పెళ్ళయ్యాక ఎదురు చెప్పడంలాగా కూడా వినపడింది.

మాది సూర్యాపేట. అమ్మమ్మ వాళ్ళది మిర్యాలగూడ. అత్తగారిల్లు కోదాడ. మూడు ఊళ్ళలో యాస కొద్దికొద్దిగా మారుతుంది. సూర్యాపేటలో ‘ఏం గాదు, తిను’ అంటారు. హైవే పట్టుకుని కోదాడ చేరేసరికి కృష్ణా జిల్లా గాలి తగిలి అదే ‘ఏం కాదులే, తినమ్మా’ అవుతుంది. మర్యాద పెరుగుతుంది తప్ప అర్థం అదే. నీ ఒంటి సంగతి నీకన్నా మాకే బాగా తెలుసు అని అర్థం. నా గొడవంతా ఆ వాక్యంతోనే.

తెలుగులో ఈ విషయం చెప్పడానికి మాటల కరువేం లేదు. సయించదు, అరగదు, గిట్టదు, పడదు. ఒక్కోదానికి ఒక్కో అర్థం. సయించకపోవడం నాలుకది, అరగకపోవడం కడుపుది, పడకపోవడం మొత్తం ఒంటిది. ఊరు మారితే ‘నీళ్ళు పడలేదు’ అంటాం. ఎవరూ సాక్ష్యం అడగరు. ‘ఏమన్నా మందులు పడవా?’ అని డాక్టర్ అడిగితే, మన కంటే ముందు పక్కన కూర్చున్న అమ్మే జవాబు చెప్తుంది. చల్లగాలి పడదు, దుమ్ము పడదు, ఆ ఇంజెక్షన్ పడలేదు. అన్నీ నమ్ముతారు. ఇంట్లో వండిన దాని గురించి అన్నప్పుడు మాత్రమే ‘పడదు’ అన్న మాట చెవిదాకా వెళ్ళేసరికి ‘వద్దు’గా మారిపోతుంది. నీళ్ళను కాదంటే ఎవరికీ అవమానం లేదు. ఇంటి వంటను కాదంటే మాత్రం వండిన చేతిని, వడ్డించిన ప్రేమను, ఆ ఇంటి పెద్దరికాన్ని కాదన్నట్టే.

ముందు అసలు సంగతి చూద్దాం. పాలలో ఉండే చక్కెరను లాక్టోజ్ అంటారు. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పేరు లాక్టేజ్. అది చిన్నపేగు గోడలో తయారవుతుంది. తల్లిపాలు తాగే వయసులో దాదాపు అందరికీ సమృద్ధిగా ఉంటుంది. ఆ వయసు దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు విడిపోని లాక్టోజ్ నేరుగా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఉబ్బరం, నొప్పి, గ్యాస్, విరేచనాలు అక్కడినుంచే. ఇందులో మనోబలానికి పనేం లేదు. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి పొద్దున్నకి పొంగడానికి ఎంత మనోబలం కావాలో, దీనికీ అంతే కావాలి.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. ప్రపంచంలో పెద్దవాళ్ళలో సుమారు మూడింట రెండు వంతుల మందికి పాల చక్కెరను పూర్తిగా అరిగించుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. నిజానికి పెద్దయ్యాక కూడా పాలు హాయిగా అరగడమే మనుషుల చరిత్రలో తర్వాత వచ్చిన మార్పు. మన దేశం లెక్క చూడండి. ఉత్తరాది, దక్షిణాది వాళ్ళను పోల్చి చేసిన ఒక అధ్యయనం 1981లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో అచ్చయింది. అందులో లాక్టోజ్ పడనివాళ్ళు ఉత్తరాదిలో 27.4 శాతం, దక్షిణాదిలో 66.6 శాతం. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న మరో అధ్యయనం 2012లో వచ్చింది. పాలు అరిగేలా చేసే జన్యుమార్పు యూరప్‌లోనూ మన దగ్గరా ప్రధానంగా ఒకటేనని, దేశంలో వాయవ్యం నుంచి దక్షిణానికి, తూర్పుకి వచ్చేకొద్దీ అది తగ్గుతూ పోతుందని, తరతరాలుగా పాడి మీద బతికిన సమూహాల్లో ఎక్కువగా కనిపిస్తుందని అది చెప్పింది. పరీక్షలో తేలిన ప్రతివాళ్ళకీ రోజూ కడుపునొప్పి రాదు, అది వేరే సంగతి. కానీ దక్షిణాది బంతిలో పాలు పడని మనిషి వింత ప్రాణి మాత్రం కాదు.

మరి ఇంతమంది ఉంటే మన ఇళ్ళల్లో ఎందుకు కనపడరు? కనపడుతూనే ఉంటారు. వాళ్ళకు మనం పెట్టుకున్న పేరు ‘గ్యాస్’. పొద్దున్నే పరగడుపున చిక్కటి పాలతో టీ, పది గంటలకు ఛాతీలో మంట, ఫ్రిజ్ మీద గ్యాస్ గోళీల డబ్బా. మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మళ్ళీ టీ, రాత్రికి ఈనో ప్యాకెట్. ఇందులో అన్నీ పాల వల్లే అనడం లేదు. కారం ఉంది, వేళాపాళా లేని తిండి ఉంది, నిద్రలేమి ఉంది. కానీ కొంతమందిలోనైనా పాలు కారణం కావచ్చని, రెండు వారాలు మానేసి చూద్దామని ఆ డబ్బా పక్కన నిలబడి ఎవరైనా అనడం నేను వినలేదు. గ్యాస్ అంటే ఎవరి మీదా నింద పడదు, వంట మారక్కర్లేదు. అందుకే అందరికీ అనుకూలమైన జబ్బు అది.

‘మేమందరం తాగట్లేదా?’ అనేది రెండో అస్త్రం. ఈ మాట ఎవరైనా అనొచ్చేమోగానీ మా జిల్లావాళ్ళు అనకూడదు. 2016 అక్టోబర్‌లో సూర్యాపేట జిల్లా విడిపోకముందు మేమందరం నల్లగొండ జిల్లావాళ్ళమే. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళల్లో అందరూ తాగిన నీళ్ళే, తరతరాలుగా తాగిన నీళ్ళే, ఎముకలు వంచేశాయి. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. పటికతో, సున్నంతో చేసే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. అంటే ఏమిటి? అందరూ తాగుతున్నారన్నది ఒక పదార్థం మంచిదనడానికి రుజువు కాదని పాఠ్యపుస్తకాలకెక్కిన జిల్లా మాది. ఆ జిల్లాలో పుట్టి, అన్నం ముందు కూర్చుని, ‘అందరం తాగట్లేదా’ అని ఎలా అడుగుతాం?

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. మన కుటుంబాలకు తిండి విషయంలో ఒంటికో పద్ధతి పెట్టడం తెలియదని, అమాయకులని, చదువు లేదని కొందరు జాలిగా అంటుంటారు. నేను ఒప్పుకోను. మన ఇళ్ళకు ఈ విద్య వచ్చినంత బాగా ప్రపంచంలో ఎవరికీ రాదేమో. ఇంటాయనకు షుగర్ అని డాక్టర్ చెప్పిన రోజునుంచీ టీ రెండు గిన్నెల్లో కాగుతుంది. ‘ఒక్క చెంచా చక్కెర వేస్తే ఏం తెలుస్తది, చూద్దాం’ అని ఎవరూ ప్రయోగం చేయరు. ఇంట్లో అబ్బాయి అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు గిన్నెలు వేరు, వంట వేరు, వడ్డన వేరు. శనివారం నీచు ముట్టని బాబాయి కోసం గరిటె కూడా విడిగా పెడతారు. పై కులం వాళ్ళెవరైనా వస్తే ‘వాళ్ళకు మనింటి వంట పడదు’ అని పరుగెత్తి అరటిపళ్ళు, కొబ్బరిబోండాలు తేవడం చూస్తూ పెరిగాను నేను. ఆ ‘పడదు’కి ఏ వైద్యశాస్త్రమూ లేదు. అయినా ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ బాలింత పథ్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చల్లనీళ్ళు వద్దు, ఇది తింటే బిడ్డకు జలుబు, అది తింటే బిడ్డకు కడుపునొప్పి. ఒక మనిషి తిన్నది ఇంకో మనిషి ఒంట్లో ఏం చేస్తుందో కూడా లెక్క కట్టగలిగిన ఇల్లు మనది. అదే ఆడమనిషి మూడు నెలల తర్వాత ‘నాకు పాలు తాగితే కడుపు ఉబ్బుతోంది’ అంటే నకరాలు. పథ్యం పెట్టే హక్కు ఇంటికి ఉంది. పథ్యం అడిగే హక్కు ఒంటికి లేదు. కాబట్టి ఇది తెలియకపోవడం సమస్య కాదు. ఎవరి ఒళ్ళు మాట్లాడితే వినాలి, ఎవరిది మాట్లాడితే నవ్వాలి అనే వరస సమస్య. మొగాయన షుగర్ జబ్బు, దేవుడి మాల నియమం, పై కులం వాళ్ళది ఆచారం. కోడలిది వేషం, పిల్లది గారాబం, హాస్టల్ నుంచి వచ్చిన పిల్లాడిది సిటీ నీళ్ళు తాగిన పొగరు.

ఈ వినకపోవడంలో కూడా రకాలున్నాయి. మొదటిది ప్రేమ. మిర్యాలగూడలో అమ్మమ్మకు నేను చిక్కిపోయినట్టు కనపడటం ఒక్కటే చాలు, గ్లాసెడు మీగడ పాలు ఎదురుగా ప్రత్యక్షం. ఆ ఊరు రైసుమిల్లుల ఊరు. వడ్లు కొనేటప్పుడు మిషన్ పెట్టి తేమ చూస్తారు. 17 శాతం దాటితే మద్దతు ధరకు తీసుకోరు, ఎండబెట్టుకుని రమ్మంటారు. రైతు తిట్టుకుంటాడేమోగానీ ‘ఈ వడ్లు వేషాలు వేస్తున్నయి’ అనడు. గింజకొక ఓర్పు, దానికొక కొలత ఉంటుందని ఒప్పుకునే ఊళ్ళో, మనవరాలి కడుపుకి కూడా ఒక కొలత ఉంటుందంటే ‘మా కాలంలో ఇవన్నీ లేవు బిడ్డా’ అని నవ్వుతారు. వాళ్ళ కాలంలోనూ ఉన్నాయి. చెప్పుకునే చోటే లేదు.

రెండోది బలం. పాలు తాగితే బలం, తాగకపోతే ఎముకలు గుల్ల. ఈ నమ్మకం ఇంటిదొక్కటే కాదు, ప్రకటనలది, బడిది, ప్రభుత్వానిది కూడా. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. మంచి పథకం, దాన్ని తప్పుపట్టడం లేదు. పాలు పడని ఆమె ‘నాకు వేరేది ఇవ్వండి’ అని నోరు తెరిచి అడగగలదా అన్నదే నా ప్రశ్న. కాల్షియం పాలలో మాత్రమే ఉండదు. రాగుల్లో ఉంది, నువ్వుల్లో ఉంది, మునగాకులో ఉంది, ముల్లుతో సహా నమిలే చిన్న చేపల్లో ఉంది. ఇవన్నీ మన నేల మీద దొరికేవే. నువ్వుల ఉండను చిరుతిండిగా చూసి, పాల గ్లాసును మందులా చూడటం మనకు ఎవరు నేర్పారు?

మూడోది పరీక్ష. అన్నిటికన్నా నీచమైనది ఇదే. చెప్పకుండా కలిపి పెట్టి, తిన్నాక మొహం చూడటం. కూరలో మీగడ కలుపుతారు, పాయసం ‘కొబ్బరిపాలతోనే చేశాం’ అంటారు. నొప్పి రాకపోతే ‘చూశావా, అంతా నీ మనసులోనే ఉంది’ అంటారు. వస్తే ‘ఇంకేదో తినుంటావ్’ అంటారు. గెలిచే దారి లేని పరీక్ష ఇది. దీన్ని సరదా అనుకుంటున్నవాళ్ళకు ఒక మాట. ఒక మనిషి వద్దన్న పదార్థాన్ని ఆ మనిషికి తెలియకుండా ఒంట్లోకి పంపడం మోసం. చేసింది అత్తమ్మ అయినా, పిన్ని అయినా, ప్రేమతో చేసినా మోసమే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పాలు పడకపోతే ప్రాణం పోదు. రాత్రంతా బాత్రూమ్ చుట్టూ తిరిగి, పొద్దున్నే మామూలుగా ఆఫీసుకి పోవచ్చు. కానీ అలర్జీ వేరు. పల్లీలు, రొయ్యలు, గుడ్డు, పాలలోని ప్రొటీన్ లాంటివాటి మీద ఒంటి రక్షణ వ్యవస్థే తిరగబడితే నిమిషాల్లో పెదాలు వాచి, గొంతు మూసుకుపోయి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. అలాంటప్పుడు ముందు చేయాల్సిన వైద్యం తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. నిమ్మరసం, వాము, దిష్టి తీయడం దాన్ని ఆపలేవు. పల్లీ చట్నీ లేకుండా టిఫిన్ దొరకని ఊళ్ళు మావి. కూరల్లో పల్లీపొడి, ఉండల్లో పల్లీలు. ‘పాలు పడవు’ అంటే నవ్వే ఇల్లు, రేపు ఒక పిల్లాడు ‘పల్లీ తింటే నోరు దురద పెడుతోంది’ అంటే వింటుందా? ఏది అసౌకర్యమో ఏది ప్రాణాంతకమో చూసి చెప్పలేం. అందుకే రెండిటినీ ఒకే మర్యాదతో వినాలి. చిన్నదాన్ని వినడం అలవాటు లేని చెవి పెద్దదాన్ని కూడా వినదు.

మన పచారీ కొట్టుకి ఈ మర్యాద వచ్చేసింది. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతివి, పల్లీలు, గింజపప్పులు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఉంటే విడిగా చెప్పాలి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ‘నాలో పాలున్నాయి’ అని ఒప్పుకుంటుంది. మనల్ని పెంచిన ఇల్లు ఒప్పుకోదు.

దీనికి ఎదురువాదం ఉంది, అందులో కొంత నిజం కూడా ఉంది. ఇదంతా హైదరాబాద్ ఫ్యాషన్ అంటారు. ఓట్ మిల్క్ కాఫీలు, గ్లూటెన్ లేని బిస్కెట్లు, ఇన్‌స్టాగ్రామ్ డాక్టర్లు. నిజమే, భయం మీద వ్యాపారం చేసేవాళ్ళున్నారు. వేలు తీసుకుని వంద పదార్థాల జాబితా చేతిలో పెట్టే ఐజీజీ రక్తపరీక్షలను యూరప్, అమెరికా అలర్జీ వైద్యుల సంఘాలే సిఫారసు చేయవు. ‘పెరుగు కొంచెం వేసుకో’ అనే అమ్మ మాటలోనూ కొంత సత్యం ఉంది. తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత వాడేసుకుంటుంది కాబట్టి పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. చిన్న గ్లాసు పాలు తట్టుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ ఎవరికి ఎంత పడుతుందన్నది ఆ ఒంటికే తెలుస్తుంది, గరిటె పట్టుకున్నవాళ్ళకు తెలియదు. ఇంటిల్లిపాదీ నమ్మాలంటే పైసా ఖర్చు లేని దారి ఉంది. రెండు వారాలు పాలు పూర్తిగా మానేసి చూడటం, తర్వాత తెలిసి తెలిసి కొద్దికొద్దిగా మొదలుపెట్టడం. తేలకపోతే డాక్టర్ దగ్గర ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది. వాపు, ఆయాసం వచ్చే రకమైతే ఇంట్లో ఏ ప్రయోగమూ వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి పోవాలి. ఫ్యాషన్‌కి విరుగుడు వెక్కిరింత కాదు, పరిశీలన.

ఇంకో మాట కూడా చెప్పాలి. ‘ఏం గాదు, తిను’ అనే గొంతు ఎక్కువసార్లు ఆడవాళ్ళది. అందుకని ఈ కోపమంతా వాళ్ళ మీదికి పోతే అన్యాయం. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి ఏది పడుతుందో ఏది పడదో తేల్చుకునే అవకాశం ఎప్పుడొచ్చింది? అమ్మకు వంకాయ పడదని నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియలేదు. నాన్నకు ఇష్టమని వారానికి రెండుసార్లు వండి, తిని, చేతులు గోక్కుంటూ పడుకునేది. తన ‘పడదు’ని మింగి బతికిన మనిషికి కూతురి ‘పడదు’ గారాబంలా కనపడటంలో వింతేముంది? కానీ మింగడాన్ని సంప్రదాయం చేసి తర్వాతి తరానికి వడ్డిస్తే మాత్రం తీసుకోవడం మా వల్ల కాదు. ముందు అమ్మను అడగాలి, ‘నీకేం పడదు?’ అని. చాలా ఇళ్ళల్లో ఈ ప్రశ్న మొదటిసారి వినపడుతుంది.

మేం అడుగుతున్నది పెద్దదేం కాదు. మా కోసం ప్రత్యేకంగా వండమనడం లేదు. కోదాడ నుంచి హైదరాబాద్ దాకా ఏ దావత్‌లోనైనా అన్నం, పప్పు, మాంసం కూర, పచ్చిపులుసు ఉంటాయి. వాటితో కడుపు నింపుకుని లేస్తాం. ఆకులో పెరుగు లేకపోతే భోజనం పూర్తికానట్టు చూడకండి. కూరలో ఏం వేశారో అడిగితే నిజం చెప్పండి. ‘ఏమవుతుంది నీకు? ఎంత తింటే అవుతుంది?’ అని ఒక్కసారి అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. లాక్టేజ్ గురించి, జన్యువుల గురించి మీకు తెలియక్కర్లేదు. నా మాట నమ్మకపోయినా ఫర్వాలేదు. వద్దన్నది వడ్డించకపోతే చాలు.